‘ఇంకా కాదు’ అన్నందుకు

మహారాష్ట్రలో చంద్రపూర్ పక్కన పద్మాపూర్‌లో మా గని క్వార్టర్ల వరసను కూలగొడుతున్నారని మా చిన్నాయన కొడుకు రమేశ్ ఫోన్ చేసి చెప్పినప్పుడు నేను పెద్దగా బాధపడలేదు. కంపెనీ ఇచ్చిన ఇల్లు, కంపెనీ తీసుకుంటుంది. కింద బొగ్గుందట, గని ఇటువైపు పెరుగుతోందట, ఇంకేం చేస్తారు. అయినా ఆ ఆదివారం మా నాన్నను, బాపును, కారులో కూర్చోబెట్టుకుని వెళ్ళాను. మా ఇంటి ముందు గోడ అప్పటికే పోయింది. వంటగది గోడ మాత్రం నిలబడి ఉంది. అవ్వ, అంటే మా అమ్మ, పొయ్యి పెట్టుకునే చోట పొగ పట్టిన నల్లటి మరక పైదాకా పాకి ఉంది. అవ్వ పోయి కొన్నేళ్ళయింది, మరక పోలేదు. బాపు చేతికర్ర ఆనించుకుని కాసేపు చూశాడు. “మంచిగనే కట్టిన్రు బిడ్డా గోడ. మిషన్‌కు గూడ జల్ది పడుతలేదు” అని, అదేదో తనే కట్టినట్టు సంతోషపడ్డాడు. నాకు మాత్రం ఆ గోడను చూస్తుంటే నా మొదటి నౌకరి రోజులు ఒకదాని వెంట ఒకటి వచ్చి నిలబడ్డాయి. ఇప్పుడు నా పేరు ముందు ‘చీఫ్ ఇన్‌స్ట్రక్టర్’ అని రాస్తారు. అప్పుడు నేను ఆ వంటగదిలోంచి రొట్టె కట్టించుకుని విమానం నేర్పడానికి పోయే కొత్త టీచరును.

మా ఇంట్లో పొద్దు మొదటి షిఫ్టు సైరన్‌తో కాదు, దానికంటే ముందు అవ్వ రాజేసే బొగ్గుల పొయ్యితో, సిగిడితో మొదలయ్యేది. బొగ్గు పచ్చి పొగ ఇల్లంతా కమ్ముకుని, మెల్లగా సన్నబడి, చివరికి జొన్నరొట్టె కాలే వాసనగా మారేది. ఆ వాసన వచ్చిందంటే బాపు లేచే వేళయిందన్నమాట. లేచిన వెంటనే బాపు ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. స్టీలు గ్లాసు నిండా చాయ్ తాగి, బూట్లు తలకిందులు చేసి దులిపి, ఎల్లిపాయ కారం పూసిన రొట్టెలను గుడ్డలో కట్టించుకుని, గడపలో ఒక్క క్షణం ఆగి మా అందరి ముఖాలూ చూసి వెళ్ళేవాడు. గని మనుషులందరికీ ఆ అలవాటుంది. మధ్యాహ్నం గనిలో మందు పేల్చే బ్లాస్టింగ్ వేళకు అవ్వ గూట్లోని గాజు సామాను తీసి కింద పెట్టేది. కిటికీలు గలగలమనేవి. కొత్తగా వచ్చిన చుట్టాలు భూకంపమని బయటికి పరుగెత్తితే మేము పడిపడి నవ్వేవాళ్ళం. బట్టలు ఆరేసే ముందు బొగ్గు దుమ్ము పట్టిన తీగను తుడవాలి, తుడిచిన గుడ్డను మళ్ళీ ఉతకాలి, ఉతికిన గుడ్డను ఆరేయడానికి మళ్ళీ తీగ తుడవాలి. అవ్వ జీవితంలో సగం ఆ తీగ దగ్గరే గడిచింది. మరాఠీ బడిలో చదివిన నాకు తెలుగు అక్షరాలు నేర్పింది బాపే, వెనక గోడ మీద బొగ్గు ముక్కతో. నా రాతలో ఇప్పటికీ తప్పులు దొర్లితే ఆ నేరం గోడది.

కాలనీలో అన్ని మాటల కంటే పెద్ద మాట ఒకటుండేది. పర్మినెంట్. సంబంధం వచ్చిందంటే పిల్లగాడి రంగూ రూపూ తర్వాత, ముందు “పర్మినెంటేనా?” అని అడిగేవారు. ఇద్దరు మగవాళ్ళు జగడమాడుకుంటే చివరికి “నేను పర్మినెంటోణ్ణి, నువ్వేం చేస్తవురా” అనే దగ్గరికి వచ్చి ఆగేది. బాపు మంచిర్యాల అవతలి ఊరి నుంచి వచ్చిన కొత్తలో భూగర్భ గనిలో బొగ్గు నింపే కాంట్రాక్టు కూలీ. తెల్లారకముందే గేటు దగ్గర గుంపులో నిలబడితే, హాజరీ బాబు వేలు చూపించిన వాళ్ళకే ఆ రోజు పని. మిగిలినవాళ్ళు ఇంటికి. అలా ఏళ్ళు గడిచాక, పోరాడి పర్మినెంట్ అయి, తర్వాత పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్ట్ గనిలో డంపర్ డ్రైవరయ్యాడు. పర్మినెంట్ అయిన రోజున కాలనీ అంతా బెల్లం పంచాడని అవ్వ చెప్పేది. నేను పుట్టినప్పుడు పంచలేదని కూడా చెప్పేది, నవ్వుతూనే.

ఒక గని కార్మికుడి కూతురు పైలట్ ఎలా అయిందన్నది వేరే కథ. సర్కారు స్కాలర్‌షిప్ ఒకటి, బ్యాంకు లోను ఒకటి, మా లెక్కల సారు మొండితనం ఒకటి కలిసి నన్ను ఆ దారి పట్టించాయి. నాకు లైసెన్సు వచ్చేసరికి విమాన కంపెనీలన్నీ తలుపులు మూసుకున్నాయి. అంతకు ముందు ఏడాది దాకా లైసెన్సు మీద సిరా తడి ఆరకముందే పిలిచి ఉద్యోగమిచ్చినవాళ్ళు, ఇప్పుడు ఉన్నవాళ్ళనే ఇంటికి పంపుతున్నారు. నేను ఇన్‌స్ట్రక్టర్ పరీక్ష కూడా రాసి, అసిస్టెంట్ ఇన్‌స్ట్రక్టర్‌నై, ఎక్కడ చోటుందా అని వెతుకుతుంటే, చంద్రపూర్ బయట ఎయిర్‌స్ట్రిప్ మీద కొత్తగా ఒక ప్రైవేటు స్కూలు తెరిచారని తెలిసింది. ఆ స్కూలు ఇప్పుడు లేదు, దాని పేరు కూడా ఎవరికీ గుర్తు లేదు, కాబట్టి రాయను. ‘నెలల్లో పైలట్’ అని నాగపూర్ నుంచి పట్నా దాకా బోర్డులు పెట్టారు. మామూలుగా నిదానంగా నేర్పే చదువును కుదించి, పిల్లలను హాస్టల్లో పెట్టి, పొద్దూ మాపూ ఎగరేసి పంపడం వాళ్ళ పద్ధతి. నా ఊళ్ళోనే, అవ్వ రొట్టె తింటూ, విమానం నేర్పే ఉద్యోగం! నాకు నేల మీద కాలు నిలవలేదు. కాలనీలో మా పక్కింటి కాకి, అంటే చిన్నమ్మ వరసామె, నా గడ్డం పట్టుకుని, “మరి పర్మినెంటేనా బిడ్డా?” అని అడిగింది. “అవును కాకీ” అన్నాను. నిజానికి నాకే తెలియదు.

తెలియడానికి ఎక్కువ కాలం పట్టలేదు. మేము నలుగురం కొత్త ఇన్‌స్ట్రక్టర్లం. బల్లార్‌పూర్ నుంచి వచ్చిన ఫిరోజ్, వరోరా అమ్మాయి మేఘన, కాన్పూర్ నుంచి గౌరవ్, నేను. మా పైన చీఫ్ ఇన్‌స్ట్రక్టర్ బాత్రా సారు. వైమానిక దళంలో పనిచేసి రిటైరైన మనిషి, తెల్ల మీసాలు, ఎంత ఎండలోనూ ఇస్త్రీ నలగని చొక్కా. మాకు ఒప్పందమంటూ ఏమీ లేదు. నెల నెలా నోటి మాట. ఎన్ని గంటలు ఎగిరితే అంత జీతం. ఒక బ్యాచ్ పిల్లలు వెళ్ళిపోయి ఇంకో బ్యాచ్ రాకపోతే మేమూ వెళ్ళిపోవలసిందే. ఆఫీసు గోడకు తెల్ల బోర్డు ఒకటుండేది. పొద్దున్నే మేనేజరు దాని మీద ఏ స్టూడెంట్‌కు ఏ ఇన్‌స్ట్రక్టరో రాసేవాడు. మన పేరుంటే ఎగరాలి, లేకపోతే బ్యాగు తగిలించుకుని ఇంటికి. ఎందుకిలా అని ఫిరోజ్ ఒకసారి అడిగితే మేనేజరు నవ్వాడట. “మీరెట్లాగూ గంటలు పోగేసుకుని ఎయిర్‌లైన్‌కు పోయేవాళ్ళే కదా. పోయేవాళ్ళకు గ్యారంటీ ఎందుకు?” పోవడానికి ఏ ఎయిర్‌లైనూ లేదని ఆయనకూ తెలుసు, మాకూ తెలుసు.

ఇదంతా ఇంట్లో చెప్పలేదు. కానీ ఒకరోజు నా పేరు బోర్డు మీద లేక నేను పొద్దున్నే తిరిగివస్తే, డ్యూటీకి పోవడానికి బూట్లు దులుపుతున్న బాపు తల ఎత్తి చూశాడు. “ఏందే, ఇయ్యాల సెలవా?” “కాదు బాపు. బోర్డు మీద నా పేరు లేదు.” “లేకపోతే?” “లేకపోతే ఇంటికి రావాలె.” బాపు బూటు చేతిలోనే ఉండిపోయింది. “ఆ బోర్డు రాసేటాయన వేలు చూపిస్తడా, పేరు రాస్తడా?” “రాస్తడు.” “గంతే ఫరక్” అని బూటు తొడుక్కుని వెళ్ళిపోయాడు. గేటు దగ్గర గుంపులో నిలబడిన తన పడుచుతనం నా రూపంలో ఇంటికి తిరిగివచ్చినట్టు అనిపించి ఉంటుంది. ఆ రోజు వెళ్ళేటప్పుడు మా ముఖాలు చూడలేదు.

అయినా పని మీద ఇష్టం తగ్గలేదు. తెల్లవారుజామున, ఎండ నేలను వేడెక్కించకముందే మొదటి విమానం లేచేది. పైకి వెళితే మా ఊరు మరో ఊరులా ఉండేది. ఇరై డ్యాం నీళ్ళు తడిగుడ్డతో తుడిచిన పలకలా మెరిసేవి. థర్మల్ స్టేషన్ చిమ్నీలు ఎంత పొగమంచులోనైనా కనిపించేవి. ‘దారి తప్పితే చిమ్నీలు వెతుక్కోండి’ అన్నదే మేము పిల్లలకు చెప్పే మొదటి పాఠం. ఘుగ్గుస్ వైపు దుమ్ము తెర, దాని కింద లారీలు చీమల బారులా. మా గని గొయ్యి మెట్లు మెట్లుగా, లోపల పసుపుపచ్చ డంపర్లు. వాటిలో బాపుది ఏదో నాకు తెలియదు గానీ, ప్రతిసారీ ఒకదాన్ని ఎంచుకుని అదే అనుకునేదాన్ని.

నాకు అప్పగించిన పిల్లల్లో పల్లవి ఒకతె. ఆవర్‌పూర్ సిమెంటు కాలనీ పిల్ల. తండ్రి అక్కడే ఆఫీసులో పనిచేసేవాడు. తెలివైనది, పుస్తకం పాఠాల్లో అందరికంటే ముందు, ఆకాశంలో నిబ్బరంగా ఉండేది. కష్టమంతా నేల దగ్గరే. దిగేటప్పుడు నేలకు కాస్త పైన ముక్కును నెమ్మదిగా ఎత్తి, విమానం తనంతట తాను కూర్చునేదాకా ఓపిక పట్టాలి. చూపు రన్‌వే చివరన ఉండాలి. పల్లవి చూపు ముందు చక్రం దగ్గరే పడేది. నేల తన మీదికి వచ్చేస్తోందన్న భయంతో కంట్రోలు ముందే లాగేసేది. విమానం మళ్ళీ గాల్లోకి తేలి, వేగం పోయి, దబ్బున పడి ఎగిరేది. అలా ఎగిరినప్పుడు వెంటనే ఇంజిన్‌కు పూర్తి బలమిచ్చి తిరిగి పైకి వెళ్ళిపోవాలి. ఆ క్షణంలో ఆమె చేతులు బిగుసుకుపోయేవి. నేనే అందుకునేదాన్ని. ఒంటరిగా పంపితే అందుకునే చెయ్యి ఉండదు.

ఆ రోజుల్లోనే కొత్త బ్యాచ్ కోసం తల్లిదండ్రులను పిలిచి స్కూలు చూపించే పండుగ ఒకటి పెట్టారు. అప్పటికల్లా ఉన్న బ్యాచ్‌లో అందరూ మొదటి సోలో, అంటే ఇన్‌స్ట్రక్టర్ లేకుండా ఒంటరిగా ఎగరడం, పూర్తి చేసి ఉండాలని స్కూలు చైర్మన్ పట్టుబట్టాడు. పండుగ రోజున ఫొటోలు గోడకు పెట్టాలట. సోలోకు పంపే అధికారం బాత్రా సారుదే గానీ, ఆయన మా మాట మీదే పంపేవారు. మేము సిద్ధమంటే, తనే స్టూడెంట్‌తో ఎయిర్‌స్ట్రిప్ చుట్టూ ఒక చక్కరు తిరిగి, దిగిపోయేవారు. ఆ తొందర రోజుల్లో ఆ ఆఖరి చక్కరు పేరుకే మిగిలింది. అప్పుడు ఆయన ఏటా జరిగే వైద్యపరీక్షల కోసం ఢిల్లీ వెళ్ళారు. తిరిగి రాగానే పంపడానికి వీలుగా అందరికీ ‘సిద్ధం’ అని మా చేత చెప్పించే పని మేనేజరు నెత్తిన వేసుకున్నాడు.

“పల్లవి ఒక్కతే మిగిలింది మేడం. సరే అనండి” అన్నాడు హిందీలో, చాయ్ కప్పు నా వైపు జరుపుతూ.

“ఇంకా కాదు సార్. కొన్నాళ్ళు కావాలి.”

“అందరూ అలాగే నేర్చుకుంటారు. ఒంటరిగా పోతే తెలివి అదే వస్తుంది.”

“రాకపోతే?”

ఆయన కప్పు వెనక్కు తీసుకున్నాడు. “చూడండి, బయట మీలాంటి వాళ్ళు ఎంతమంది తిరుగుతున్నారో మీకు తెలుసు. మీరు కాదంటే ఇంకొకరు సరే అంటారు. ఆలోచించుకుని చెప్పండి.”

ఆలోచించడానికేమీ లేదు. పల్లవి చేతులు నాకు కనిపిస్తూనే ఉన్నాయి. “ఆలోచించాను సార్. ఇంకా కాదు” అన్నాను. నా గొంతు వణికింది. మర్నాడు బోర్డు మీద పల్లవి పేరు లేదు, నా పేరూ లేదు. ఆ మర్నాడూ లేదు.

ఈసారి బాపుకు అంతా చెప్పాను. సిగిడి పక్కన కూర్చుని, రొట్టె తుంచుకుంటూ విన్నాడు. అంతా అయ్యాక, “నువ్వొక్కదానివేనా కాదన్నది?” అన్నాడు.

“ఇంకా ఎవ్వర్నీ అడుగలే బాపు.”

“రేపు అడుగుతరు. ఐతారం అందర్నీ తిననీకె పిలువు.”

ఆదివారం ముగ్గురూ వచ్చారు. అవ్వ నాటుకోడి కూర వండింది, కోడి తినని గౌరవ్ కోసం పప్పు, పచ్చిపులుసు. క్వార్టర్ ముందు గదిలో చాప మీద అందరం వరసగా కూర్చున్నాం. ఫిరోజ్ తెలుగు మాట్లాడతాడని తెలిసి అవ్వకు ఎంత సంతోషమో, అతని విస్తరిలో ముక్కలు వేస్తూనే ఉంది. బాపు వాళ్ళు నాలుగు ముద్దలు తినేదాకా ఆగాడు.

“మీ నౌకరి ఎట్లుంటదో నాకు తెల్వది. ఇమానం ముట్టుకుని గూడ చూడలే. ఒక్క మాట అడుగుత. ఆ పిల్లకు దిగుడు ఇంకా రాలేదని నా బిడ్డ అంటుంది. మీరేమంటరు?”

“నిజమే కాకా” అన్నాడు ఫిరోజ్. “నేను గూడ కింద నుంచి చూసిన. రాలే.”

“మరి రేపు ఆమె పక్కన నీ పేరు రాస్తే?”

ఫిరోజ్ చెయ్యి విస్తరి మీదే ఆగింది. మేఘన తల దించుకుని మరాఠీలో అంది, “కాకా, నాకు ఉద్యోగం వచ్చిందని మా అమ్మ ఊరంతా చెప్పుకుంది. కాదంటే ఏ ముఖం పెట్టుకుని పోను?” గౌరవ్ పచ్చిపులుసు పోసుకున్నాడు.

బాపు హిందీ, మరాఠీ, తెలుగు కలిపి మాట్లాడాడు. గనిలో అందరూ మాట్లాడే భాష అది. తెలుగులో చెబితే ఇలా ఉంటుంది. “నేను కాంట్రాక్టుల ఉన్నప్పుడు ఒకనాడు గని కప్పు నుంచి రాళ్ళు రాలుతున్నయ్. పర్మినెంటోళ్ళు చూసిన్రు, కప్పు మంచిగ లేదని బయటకొచ్చిన్రు. పని చేయించే సర్దార్ మా దిక్కు చూసిండు. మేం లోపలికి పోయినం. కాదంటే రేపు పని లేదు గద. కప్పుకు ఎవడు పర్మినెంటో, ఎవడు కాంట్రాక్టో తెల్వదు బిడ్డా. ఆ దినం మా నసీబు మంచిగుండె, బతికి బయటపడ్డం. తెల్లారి మేం ఎవ్వరం లోపలికి పోలే. గేటు కాడ కూసున్నం. ఒక్కణ్ణి తీసేస్తే ఇంకొకణ్ణి పిలుస్తరు. అందరు కూసుంటే ఎవ్వర్ని పిలుస్తరు?”

“పిలిచిన్రా?” అన్నాడు ఫిరోజ్.

“పిలిచిన్రు. మాట్లాడుదాం రమ్మని పిలిచిన్రు” అని బాపు నవ్వాడు. అవ్వ విసుక్కుంది. “గా ముచ్చట మల్ల చెప్పుదువు గాని, పిల్లలను తిననీయ్యి. కూర సల్లగైతుంది.”

సోమవారం నా పేరు లేదని తెలిసినా స్కూలుకు వెళ్ళాను. ఆఫీసు తలుపు బయట వరండాలో నిలబడ్డాను. బోర్డు మీద పల్లవి పక్కన ఫిరోజ్ పేరు రాశారు. వాళ్ళు లేచి, తిరిగి, దబ్బున దిగి, మళ్ళీ లేచి, మళ్ళీ దిగారు. ఫిరోజ్ ఆఫీసులోకి పోయి తలుపు తెరిచే ఉంచి, గట్టిగా, మాకు వినిపించేలా అన్నాడు. “ఇంకా కాదు సార్.” మేనేజరు అతని పేరు తుడిచి మేఘన పేరు రాశాడు. మేఘన దిగి వచ్చి హెడ్‌సెట్ బల్ల మీద పెట్టి, “ఇంకా కాదు” అంది. ఆమె కళ్ళల్లో నీళ్ళున్నాయి గానీ మాట తడబడలేదు. మిగిలింది గౌరవ్. ఆదివారం ఒక్క మాటా మాట్లాడని గౌరవ్. అతను చక్కరు మీద చక్కరు కొట్టాడు. ఎండ ముదిరింది, గాలి అడ్డంగా తిరిగింది. విమానం దింపి, ఇంజిన్ ఆపి, చెమటతో తడిసిన చొక్కాతో గౌరవ్ నేరుగా బోర్డు దగ్గరికి పోయి, డస్టర్ తీసుకుని, మేనేజరుకు ఆ శ్రమ లేకుండా తన పేరు తనే తుడుచుకున్నాడు. “మీకు ఇంకెవరైనా ఉన్నారా సార్?” అన్నాడు. ఇంకెవరూ లేరు.

ఆ సాయంత్రమే బాత్రా సారు తిరిగొచ్చారు, మర్నాడు నాగపూర్ నుంచి చైర్మన్ వచ్చాడు. మమ్మల్ని నలుగురినీ పిలిచారు. నేను అంత పెద్ద ఏసీ గదిలో అంతకు ముందు కూర్చోలేదు. చైర్మన్ మంచి మాటకారి. కోప్పడలేదు. “మీరు చేసిందాన్ని ఏమంటారో తెలుసా? కాలనీలో సమ్మె అంటారు. ఇది గని కాదు” అన్నాడు.

బాత్రా సారు నెమ్మదిగా లేచారు. “నేను ఆ అమ్మాయితో పొద్దున ఎగిరాను. వీళ్ళ మాట నిజం. ఇంకా కాదు. సార్, నేను సోలోకు పంపేది వీళ్ళ మాట మీద. ఉద్యోగం పోతుందన్న భయంతో చెప్పిన మాట మీద నేను ఎవరి బిడ్డనూ ఒంటరిగా పైకి పంపను. అలా పంపమంటే చెప్పండి, నేనూ సంచీ సర్దుకుంటాను.”

అప్పుడు తలుపు దగ్గర నిలబడ్డ పల్లవి, ఎవరూ పిలవకుండానే లోపలికొచ్చింది. “సార్, నాకే తెలుసు. నా చేతులు బిగుసుకుపోతాయి. మా నాన్నను పండుగకు పిలిచారు. ఆయన ఎదుట పడిపోవడం నాకిష్టం లేదు” అంది. అంత పచ్చిగా చెప్పేసరికి చైర్మన్ కుర్చీలో వెనక్కు వాలాడు.

“సరే. మీకేం కావాలి?”

మేము ముందే అనుకున్నాం, నేనే చెప్పాను. రోజు రోజూ బోర్డు చూసుకునే బతుకు వద్దు, ఏడాదికి పక్కా నియామకం కావాలి. బ్యాచ్ ఉన్నా లేకున్నా నెల జీతం కావాలి. స్టూడెంట్ సిద్ధంగా లేడని చెప్పినందుకు ఎవరినీ తీసేయకూడదు.

“ఎయిర్‌లైన్ పిలిచిన రోజు మీరే పారిపోతారు. అప్పుడు నా ఏడాది సంగతి?” అన్నాడు చైర్మన్. ఆ ప్రశ్నలో న్యాయముంది. నిజానికి ఆ వ్యాపారమంతా ఆ అనుమానం మీదే నడిచేది. ఇన్‌స్ట్రక్టర్లు పోతారని యజమానులు పట్టించుకోరు, యజమానులు పట్టించుకోరని ఇన్‌స్ట్రక్టర్లు పోతారు. “మమ్మల్ని కూడా కట్టేయండి సార్” అన్నాను. “చేతిలో ఉన్న స్టూడెంట్ చదువు ముగిసేదాకా మేము ఎక్కడికీ పోము. మీరు మమ్మల్ని పంపరు, మేము పిల్లలను వదలం. రెండువైపులా రాసుకుందాం.” చైర్మన్ బాత్రా సారు వైపు చూశాడు. ఆయన మీసం కింద నవ్వు దాచుకుంటున్నారు. కొత్త బ్యాచ్ తల్లిదండ్రులు రాబోతున్నారు, చీఫ్ లేని స్కూలును ఎవరికి చూపిస్తాడు? ఒప్పుకున్నాడు. పండుగనాడు ఆ సంగతినే తన గొప్పగా చెప్పుకున్నాడు కూడా. ‘మా ఇన్‌స్ట్రక్టర్లు మధ్యలో మారరు’ అని. మేము వెనక వరసలో కూర్చుని చప్పట్లు కొట్టాం.

నియామకం కాగితం తీసుకుని ఇంటికి పోతే, అవ్వ దాన్ని దేవుడి పటం ముందు పెట్టింది. బాపు చొక్కా వేసుకుని దుకాణానికి పోయి బెల్లం తెచ్చాడు. ఇంటింటికీ తనే తిరిగి పంచాడు. “ఏడాదికేనట గద, పర్మినెంట్ అనరు దాన్ని” అని ఎవరో అంటే, “ఇమానాలల్ల ఏడాది అంటే మనకు పదేండ్లు లెక్క” అని గద్దించాడట. ఆ లెక్క ఎక్కడిదో నాకు ఇప్పటికీ తెలియదు.

పల్లవిని నాకే తిరిగి ఇచ్చారు. తొందర లేదు కాబట్టి మొదటినుంచి మొదలుపెట్టాను. సాయంత్రం వేళ విమానాన్ని రన్‌వే మొదట్లో ఆపి, ఇంజిన్ వేయకుండా, సీట్లో కూర్చోబెట్టి రన్‌వే చివరను చూస్తూ ఉండమనేదాన్ని. దిగేటప్పుడు నేల ఇంత దిగువన, ఇలాగే కనిపించాలి, ఇది కళ్ళకు అలవాటు కానివ్వు అనేదాన్ని. మేమిద్దరం అక్కడే కూర్చుని పల్లీలు తింటూ పొద్దు గుంకేదాకా కబుర్లు చెప్పుకునేవాళ్ళం. తర్వాత గాల్లోకి పోయి, కావాలనే నేను తప్పుగా దింపి, విమానం ఎగిరినప్పుడల్లా ఆమె చేతనే బలమిప్పించేదాన్ని. ఒకటికి పదిసార్లు. బిగుసుకునే చేతులు మెల్లగా వదులయ్యాయి.

ఆమె సోలో రోజున మొదటి షిఫ్టుకు సెలవు పెట్టి బాపు వచ్చాడు, అవ్వను వెంటబెట్టుకుని. ఆవర్‌పూర్ నుంచి పల్లవి నాన్న వచ్చాడు. అందరం కంచె పక్కన నిలబడ్డాం. బాత్రా సారు ఆమెతో రెండు చక్కర్లు తిరిగి, విమానం దిగి, తలుపు వేసి, రెక్క మీద ఒక్కసారి తట్టి పక్కకు వచ్చేశారు. విమానం ఒంటరిగా లేచింది. చిమ్నీల వైపు తిరిగి, పత్తి చేల మీదుగా వచ్చి, రన్‌వే మీదికి దిగింది. సరిగ్గా అప్పుడే పక్కనుంచి గాలి కొట్టింది. చక్రాలు తగిలి విమానం ఎగిరింది. పల్లవి నాన్న నా చెయ్యి పట్టుకున్నాడు. మరుక్షణం ఇంజిన్ హోరు వినిపించింది. పూర్తి బలం. విమానం ముక్కు నిలకడగా పెట్టుకుని, దిగకుండా, తిన్నగా పైకి వెళ్ళిపోయింది.

“ఏమైందే?” అన్నాడు బాపు.

“ఏం కాలే బాపు! దిగొద్దని తనే తెలుసుకున్నది!” అని అరిచాను. నేను ఏడుస్తున్నానని అవ్వ కొంగు అందించేదాకా నాకు తెలియలేదు. రెండోసారి ఆమె వచ్చి, వెన్న మీద కత్తి దించినట్టు దించింది. ఆనవాయితీ ప్రకారం మేము నలుగురం నాలుగు బకెట్ల నీళ్ళు ఆమె మీద కుమ్మరించాం. ఫిరోజ్ మిగిలిన నీళ్ళు బాత్రా సారు ఇస్త్రీ చొక్కా మీద పోశాడు. ఆ ధైర్యం అతనికి అంతకు ముందు ఉండేది కాదు.

ఆ స్కూలు కొన్నేళ్ళకు మూతపడింది. ఫిరోజ్, మేఘన ఎయిర్‌లైన్లకు వెళ్ళారు, తమ స్టూడెంట్ల చదువు ముగించి మరీ వెళ్ళారు. గౌరవ్ పరీక్షాధికారి అయ్యాడు. పల్లవి ఇప్పుడు పెద్ద విమానాల్లో కమాండరు. నేను మాత్రం నేర్పడంలోనే ఉండిపోయాను, ఇష్టంగానే. అప్పటికీ ఇప్పటికీ ఏం మారిందంటే, విమానాల్లో కంప్యూటర్ తెరలు వచ్చాయి, పిల్లలు మరింత తొందరలో ఉన్నారు, ‘నెలల్లో పైలట్’ అనే బోర్డులు ఇప్పటికీ ఉన్నాయి. కొత్త ఇన్‌స్ట్రక్టర్లను గంటల లెక్కన పిలిచి, అవసరం తీరాక పంపే చోట్లు కూడా ఉన్నాయి. నేను చీఫ్‌గా ఉన్న చోట మాత్రం మొదటి రోజే పక్కా నియామకం ఇస్తాం. అది లేని చోట నేను చీఫ్‌గా ఉండనని చెప్పే చేరాను. దాని గురించి నేను ఉపన్యాసాలివ్వను. దాని ఫలితం ఏమిటో మొన్నీమధ్యే నా కళ్ళతో చూశాను.

చేరి రెండు నెలలైనా కాని ఒక కొత్త అమ్మాయి మా దగ్గర ఇన్‌స్ట్రక్టర్. ఆమె స్టూడెంట్‌తో నేను స్వయంగా ఎగిరాను, నాకు బాగానే అనిపించింది. రేపు సోలోకు పంపుదామా అని అడిగాను. చీఫే అడిగితే సరే అనడమే సులువు. ఆ అమ్మాయి కాసేపు ఆలోచించి, “ఇంకా కాదు మేడం. మీతో ఉన్నప్పుడు జాగ్రత్తగా ఉన్నాడు, నాతో ఉన్నప్పుడు ఉండడం లేదు. ఇంకో వారం చూస్తాను” అంది. గొంతు వణకలేదు. నా సమాధానం కోసం కూడా ఆగలేదు. తలుపు మెల్లగా వేసి వెళ్ళిపోయింది. నేను కిటికీ దగ్గరికి పోయి చూశాను. క్యాంటీన్ బయట ఆ స్టూడెంట్‌తో కలిసి ఉప్మా తింటూ, అరచేతిని విమానంలా పట్టుకుని, బల్ల మీదికి ఎలా దించాలో చూపిస్తోంది. వాడేదో అన్నాడు. ఇద్దరూ గట్టిగా నవ్వారు.